ఆస్టర్లీ గోడలు, మా ఇంటి నక్షాలు

మన పత్రికలో పండరీపురం, శ్రీశైలం, తిరుపతి యాత్రల గురించి చాలామంది రాశారు. నేను రాసేది యాత్ర కాదు. బిడ్డ పురుడు కోసం పోయి, అక్కడ ఒక పెద్ద ఇంటి గోడలు చూసి వచ్చిన ముచ్చట. చదివేవాళ్ళలో నాలాగా నక్షా పని చేసినవాళ్ళు, చేస్తున్నవాళ్ళు ఉంటారు. వాళ్ళ కోసమే ముఖ్యంగా రాస్తున్నాను.

మాది షోలాపూర్. మా తాత కాలంలో వచ్చాం. మా నాయిన జూనీ మిల్లులో సాంచా నడిపాడు. నేను మిల్లులోకి పోలేదు, జాకార్డ్ చద్దర్ల కార్ఖానాలో నక్షా పనికి కుదిరాను. గళ్ళ కాగితం మీద బొమ్మ గీయడం, గడులు నింపడం, దాన్ని చూసి కార్డులకు చిల్లులు కొట్టడం, ఆ కార్డులు వరసగా కుట్టి సాంచా మీదికి ఎక్కించడం. ముప్పై ఎనిమిదేళ్ళు అదే పని. నెమళ్ళు, ఏనుగులు, హంసలు, చిలుకలు ఎన్ని గీశానో లెక్క లేదు. మీ ఇళ్ళల్లో కప్పుకున్న చద్దర్ల మీద నా నెమలి ఉన్నా ఉండొచ్చు.

మా బిడ్డ లండన్‌లో నర్సు. అల్లుడు విమానాశ్రయం దగ్గర గోదాములో పనిచేస్తాడు. హౌన్స్‌లో అనే పేటలో అద్దెకుంటారు. పోయిన ఏడాది వేసవిలో బిడ్డకు ఆడపిల్ల పుట్టింది. మా ఇంటామెకు చేతినిండా పని. పసిదానికి నీళ్ళు పోయడం, బాలింతకు పథ్యం వండడం. నాకేమో పని లేదు. కిటికీలోంచి విమానాలు లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాణ్ణి. నాలుగో వారం మా బిడ్డే అంది, "నాయినా, ఎంతసేపు ఇంట్ల కూసుంటవ్, జర బయటికి పో" అని. అల్లుడికి ఆదివారం సెలవు. "మామా, దగ్గర్లోనే ఒక పెద్ద బంగళా ఉంది, పోయొద్దాం" అన్నాడు. అదే ఆస్టర్లీ.

స్టేషన్ దిగి నడిచిపోవచ్చు. ఊరి మధ్య అంత పచ్చిక, అన్ని పెద్ద చెట్లు ఉంటాయని నేననుకోలేదు. ఒక పక్క మోటారు రోడ్డు, తల మీద విమానాలు, మధ్యలో చెరువు, దాని పక్కన ఎర్ర ఇటుకల ఇల్లు. నాలుగు మూలలా నాలుగు బురుజులు. ముందు మెట్లు, మెట్ల మీద గుడి మంటపంలా తెల్లటి స్తంభాలు. టికెట్ ఖరీదు మన రూపాయల్లోకి మార్చి చూసి నేను వెనక్కి తిరిగాను. అల్లుడు చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు.

లోపల ప్రతి గదిలో ఒక పెద్దమనిషి నిలబడి చెబుతుంటారు. జీతం లేకుండా సేవగా వచ్చేవాళ్ళట. మాకు తెల్లజుట్టు పెద్దావిడ దొరికింది. అల్లుడు మాట మాటకూ తెలుగులో చెప్పాడు. ఆ ఇంటి కథ ఇది. 1570ల్లో థామస్ గ్రెషామ్ అనే వర్తకుడు అక్కడ ఇల్లు కట్టుకున్నాడు. తర్వాత చైల్డ్ అనే బ్యాంకు కుటుంబం చేతికి వచ్చింది. 1761 నుంచి రాబర్ట్ ఆడమ్ అనే శిల్పి దాన్ని కొత్త పద్ధతిలో మార్చడం మొదలుపెట్టాడు. ఇరవై ఏళ్ళదాకా ఆ పని సాగింది. కప్పు మొదలుకుని తివాచీ, కుర్చీ, తలుపు పిడి వరకు నమూనాలు ఆయనవే. 1949లో ఇంటివారసులు దాన్ని నేషనల్ ట్రస్ట్‌కు ఇచ్చేశారు. అందుకే మనబోటివాళ్ళం కూడా లోపల అడుగు పెట్టగలిగాం.

ముందు ఒక ఎర్రటి గది. నాలుగు గోడలకూ నేసిన బట్ట. నేను దాన్ని చూసి అక్కడే నిలబడిపోయాను. పెయింటింగ్ అనుకున్నాను మొదట. దగ్గరికి పోతే పడుగు, పేక! పారిస్‌లో గోబెలిన్ అనే నేత శాలలో 1770ల్లో చేత్తో నేశారట. పూల బుట్టలు, దండలు, పక్షులు. నడుమ గుండ్రటి చట్రాల్లో దేవతల ప్రేమకథలు. వాటికి బొమ్మలు గీసింది బూషే అనే చిత్రకారుడు. నేత శాల పెద్ద పేరు నీల్సన్ అని ఆవిడ చెప్పింది. "నేసినవాళ్ళ పేర్లేంటి?" అని అల్లుడి చేత అడిగించాను. ఆవిడ నవ్వి, మంచి ప్రశ్న అంది. పేర్లు మాత్రం చెప్పలేదు.

పక్కది పడకగది. మంచం అనకూడదు దాన్ని, గుడి అనాలి. స్తంభాలు, పైన గోపురం. ఎవరో ఒక రాజు వస్తే పడుకోవడానికన్నట్టు చేయించారు. నేను మంచం కంటే కుర్చీలను ఎక్కువ చూశాను. బంగారు పూత కుర్చీలు. వీపు ఆనించే గుండ్రటి పలకను రెండు రెక్కల జంతువులు మోస్తున్నాయి. ఆడమనిషి ముఖం, సింహం ఒళ్ళు. స్ఫింక్స్ అంటారు. మన దక్షిణాది గుళ్ళల్లో మనిషి ముఖం, మృగం ఒళ్ళు ఉన్న పురుషామృగాన్ని చెక్కుతారు కదా, చూడగానే నాకు అది గుర్తొచ్చింది.

స్ఫింక్స్ గురించి ఆవిడ ఒక కథ చెప్పింది. గ్రీకుల కథ. ఊరి బయట దారి కాసి కూర్చుని, వచ్చేపోయేవాళ్ళను పొడుపుకథ అడిగేదట. పొద్దున నాలుగు కాళ్ళు, మధ్యాహ్నం రెండు, సాయంత్రం మూడు, ఏమిటది? చెప్పలేనివాళ్ళను మింగేసేది. జవాబు మనిషి. పసితనంలో పాకుతాడు, తర్వాత నడుస్తాడు, ముసలితనంలో కర్ర పట్టుకుంటాడు. అల్లుడు తెలుగులో చెప్పేలోగానే నా చేతి కర్ర వైపు చూసి ఆవిడ కళ్ళతోనే నవ్వింది. ఇంట్లో ఉన్న మనవరాలు ఇంకా నాలుగు కాళ్ళ దాకా కూడా రాలేదు. ఆ జంతువుకు పడకగదిలో ఏం పని అంటే, రహస్యం కాపాడుతుందని నమ్మకమట. గుమ్మాల దగ్గర, సమాధుల దగ్గర, దాచుకోవలసినవి ఉన్న ప్రతిచోటా దాన్ని పెట్టేవాళ్ళు.

దాని పక్క గది కోసమే చాలామంది వస్తారట. ఎట్రుస్కన్ గది అని పేరు. చిన్న గది, సింగారించుకునే గది. తలుపు దాటగానే బంగారం, ఎరుపు అన్నీ పోయి, లేత రంగు గోడలు. వాటి మీద మట్టికుండ రంగులో, నలుపులో సన్నటి గీతల బొమ్మలు. పందిరి గుంజల్లాంటి సన్నటి కంబాలు, వేలాడే దండలు, పాత్రలు, చిన్న చిన్న మనుషుల చిత్రాలు. పక్క గదుల్లోని డాంబికం దీనిలో లేదు. నాకు మా అవ్వ వాకిట్లో వేసే ముగ్గు గుర్తుకొచ్చింది. ఆ కాలంలో హొరేస్ వాల్పోల్ అనే పెద్ద రచయిత ఈ గది చూసి, అంత మంచి ఇంట్లో ఈ కుండల రంగు గది ఎందుకని ఎగతాళి చేశాడట. ఆయనకు నచ్చలేదు గానీ నాకు మాత్రం ఆ ఇంట్లో అన్నిటికంటే అదే నచ్చింది.

ఈ రకం బొమ్మలు ఎక్కడినుంచి వచ్చాయో కూడా చెప్పాలి. ఇటలీలో వెసూవియస్ అగ్నిపర్వతం క్రీ.శ. 79లో పేలి పాంపే, హెర్క్యులేనియం అనే ఊళ్ళను పూడ్చేసింది. 1738లో హెర్క్యులేనియంలో, 1748లో పాంపేలో తవ్వకాలు మొదలయ్యాయి. పదిహేడు వందల ఏళ్ళనాటి ఇళ్ళ గోడలు రంగులతో సహా బయటపడ్డాయి. ఆ బొమ్మలు అచ్చువేసిన పెద్ద పుస్తకాలు 1757 నుంచి రావడం మొదలై ఐరోపా అంతా తిరిగాయి. అంతకు ముందే, 1500 సంవత్సరం నాటికే, రోములో నీరో చక్రవర్తి మేడ మట్టి కింద దొరికింది. చిత్రకారులు తాళ్ళు పట్టుకుని గుహలోకి దిగినట్టు దిగి, దివిటీ వెలుగులో ఆ గోడల బొమ్మలు చూశారు. అందుకే ఆ పద్ధతికి గుహ అనే మాట మీదనే గ్రోటెస్క్ అని పేరు వచ్చింది. ఆడమ్ 1755 నుంచి 1757 దాకా ఇటలీలో తిరిగి ఇవన్నీ చూసి గీసుకున్నాడు. ఎట్రుస్కన్ గది రంగులు మాత్రం పాత మట్టి పాత్రల మీదనుంచి తీసుకున్నవి. నేపుల్స్‌లో ఉన్న హామిల్టన్ అనే ఇంగ్లీషు రాయబారి ఆ పాత్రలను సేకరించి పుస్తకం వేయించాడు. అవి ఎట్రుస్కన్ జాతివాళ్ళవని అప్పట్లో అనుకున్నారు. తర్వాత తేలిందేమిటంటే వాటిలో చాలావరకు గ్రీకు పాత్రలు. గదికి పడ్డ పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ కాలపు ఇళ్ళ గోడల మీద, కప్పుల మీద ఏ జంతువునూ ఊరికే గీయలేదట. ఒక్కోదానికి ఒక్కో దేవత. గద్ద ఆకాశ దేవుడు జూపిటర్‌ది, అంటే అధికారం. నెమలి ఆయన భార్య జూనోది. గుడ్లగూబ మినర్వాది. ఆమె చదువుల తల్లి, నేత పనికి కూడా ఆమే దేవత. మనం ఇంటి మీద వాలితే తరిమే గుడ్లగూబను వాళ్ళు నేతగాళ్ళ దేవత పక్కన కూర్చోబెట్టారు! పావురం, హంస ప్రేమదేవత వీనస్‌వి, అందుకే ఆడవాళ్ళ గదుల్లో ఉంటాయి. చిరుతపులి, ద్రాక్షతీగ బాకస్‌వి. ఆయన కల్లు దేవుడు కాబట్టి భోజనాల గదికి తగినవి. పొట్టేలు తల బలిపీఠానికి గుర్తు. గద్ద తల, సింహం ఒళ్ళు ఉన్న గ్రిఫిన్ బంగారానికి కాపలా కాస్తుంది, సూర్యదేవుడు అపోలోకు సంబంధించింది. మన గుళ్ళల్లో స్తంభాల మీద యాళి, మైసూరు రాజుల గండభేరుండం లాంటిదే. లోకంలో ఎక్కడైనా మనిషి కాపలాకు ఒక్క జంతువు చాలదనుకుని రెండిటిని అతికించాడు.

చైల్డ్ కుటుంబం ఇంటి గుర్తు చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. నోట్లో పాము పట్టుకున్న గద్ద! "అరె, మన గరుత్మంతుడు" అన్నాను. అల్లుడు ఆవిడకు చెప్పాడు. ఆవిడ గరుడుడి కథ అడిగి మరీ విన్నది. వాళ్ళ బ్యాంకుకు ఇంకో గుర్తు ఉంది, బంతిలాంటి పువ్వు. ఇళ్ళకు నంబర్లు లేని రోజుల్లో లండన్ దుకాణాలకు బొమ్మల పలకలు వేలాడేవి. చదువు రానివాడికి ఫలానా బొమ్మ ఉన్న దుకాణం అంటే చాలు. చైల్డ్ వాళ్ళది బంతిపువ్వు దుకాణం. ఇది విని నాకు మన మిల్లుల ఛాప్‌లు గుర్తొచ్చాయి. తానుల మీద ఏనుగు ఛాప్, పులి ఛాప్ అని రంగు కాగితం అంటించేవాళ్ళు కదా. సంతలో మా అవ్వ అక్షరం రాకపోయినా ఛాప్ చూసి బట్ట కొనేది. బీడీ కట్టల మీద కూడా అంతే. గద్ద, పాము అంటే పెద్దింటి ఛాప్ అన్నమాట.

ఒక్క మాట దాచకుండా రాయాలి. ఆ గోడలకు డబ్బు బ్యాంకు నుంచి వచ్చింది. ఆ కుటుంబంలో ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లుగా పనిచేసినవాళ్ళు కూడా ఉన్నారు. మన కోరమాండల్ తీరంలో అద్దిన పూల బట్టలు ఆ కంపెనీ ఓడల్లోనే ఇంగ్లండుకు పోయాయి. అవి అక్కడ ఎంతగా అమ్ముడయ్యాయంటే, తమ నేతగాళ్ళ గొడవకు తట్టుకోలేక 1721లో అచ్చు నూలు బట్టలు కట్టడమే నేరమని చట్టం చేశారు. 1774 దాకా అది ఉంది. ఆ ఇల్లు చూస్తున్నంతసేపు నాకు అందం ఒక పక్క, ఈ లెక్క ఒక పక్క. రెండూ నిజమే.

ఇక పనివాడి కంటితో చూసింది చెబుతాను. ఆ గోడల మీద బొమ్మలు ఎక్కువగా జంటలు. ఎడమ పక్క ఏది ఉంటే కుడి పక్క అదే ఎదురు తిరిగి ఉంటుంది. అలంకార చిత్రకారులు సగం బొమ్మ కాగితం మీద గీసి, గీత పొడుగునా సూదితో చిల్లులు పొడిచి, గోడకు ఆనించి బొగ్గుపొడి అద్దేవాళ్ళు. కాగితం తిప్పి అద్దితే రెండో సగం వచ్చేస్తుంది. మా పని కూడా అంతే! జాకార్డులో దారాలను ఎదురెదురుగా కడితే సగం హుక్కులతో పూర్తి బొమ్మ వస్తుంది. కాగితం మీద ఒకే నెమలి, చద్దర్ మీద రెండు నెమళ్ళు ముక్కూ ముక్కూ చూసుకుంటూ. చాలామంది అది ప్రేమ గుర్తు అనుకుంటారు. ప్రేమ సంగతేమో గానీ, హుక్కులు మిగులుతాయి. వాళ్ళు చిల్లులు పొడిచి సింహాన్ని గోడ మీదికి పంపారు, మేం చిల్లులు కొట్టి ఏనుగును బట్ట మీదికి పంపాం.

గది దాటేముందు ఆవిణ్ణి ఇంకొకటి అడిగించాను, ఈ గోడ గీసింది ఆడమేనా అని. కాదు, నమూనా ఆయనది, గీసింది పియెత్రో మారియా బోర్నిస్ అనే ఇటలీవాడు, కాగితం మీద గీసి గుడ్డకు అంటించి గోడకు బిగించారు అంది. రెండువందల యాభై ఏళ్ళ కిందటి పనివాడి పేరు టక్కున చెప్పింది! అంటే ఎవరో ఎక్కడో రాసి పెట్టారు. నేసినవాళ్ళ పేర్లు లేవు, గీసినవాడి పేరు ఉంది. రాసినచోట ఉంది, రాయనిచోట పోయింది. అంతే తేడా.

అప్పుడు నా గుండె దడదడ కొట్టుకుంది. ఎందుకంటే లండన్‌కు బయలుదేరే ముందు చిన్నకొడుకుతో నేనే అన్నాను, "మూల గదిలో పాత కార్డుల గొలుసులు, నక్షాల పెట్టె ఉన్నాయి, భంగారోడికి వేసెయ్, జాగా అన్నా అవుతుంది" అని. ఇప్పుడు నక్షాలన్నీ కంప్యూటర్ మీద. ఎవరికి పనికొస్తాయనుకున్నాను. కానీ ఆ పెట్టెలో నావే కాదు, నాకు పని నేర్పిన ఉస్తాదు చేత్తో గీసిన ఏనుగు నక్షా కూడా ఉంది. ఆయన పోయి ఇరవై ఏళ్ళు. పిల్లలు లేరు. ఆయన బొమ్మలు ఊరంతా నేశారు, ప్రతి చద్దర్ మీద సేట్ ఛాప్ పడింది గానీ ఆయన పేరు ఏ మూలనా లేదు.

బయటికి వచ్చి బల్ల మీద కూర్చుని ఫోన్ చేయించాను. మన దగ్గర సాయంత్రం. కొడుకు అన్నాడు, "పోయిన ఐతారమే ఏసిన్న గదా నాయినా. నువ్వే జెప్తివి." కార్డులన్నీ కాటా మీద పెట్టి కిలోల లెక్కన పోయాయి. నాకు నోట మాట రాలేదు. వాణ్ణి ఏమంటాను? కాసేపయ్యాక కోడలు ఫోన్ తీసుకుంది. "మామా, గళ్ళ కాగితాలు మందంగ ఉన్నయని నేను తీసిపెట్టిన. వంటింట్ల అరల కింద పరిచిన. ఏమన్న తప్పైందా?" అంది. తప్పేం లేదు బిడ్డా, ఒక్క కాగితం కూడా తీయకు, నేను వచ్చేదాకా అట్లనే ఉండనీ అన్నాను. తిరిగొచ్చేటప్పుడు రైల్లో అల్లుడు అడిగాడు, "మామా, టికెట్ దండగ అయిందా?" అని. లేదన్నాను.

షోలాపూర్ వచ్చిన మర్నాడు కోడలూ నేనూ వంటింటి డబ్బాలన్నీ దించాం. పప్పుల డబ్బా కింద నా నెమలి, నూనె మరకలతో. కారం డబ్బా కింద హంసల బారు. ఉస్తాదు ఏనుగును అరల కొలతకు మూడు ముక్కలుగా కోశారు. రెండు ముక్కలు దొరికాయి. తొండం ఉన్న ముక్క దొరకలేదు. తడిసి పాడైతే పారేశానేమో మామా అని కోడలు ఏడుపు మొహం పెట్టింది. ఆమె తీసిపెట్టకపోతే ఈ రెండూ ఉండేవి కావు, ఆ మాటే ఆమెతో అన్నాను. దొరికిన ముక్క మూలన ఉస్తాదు పెన్సిల్‌తో వేసిన హుక్కుల లెక్క ఉంది, 1979 అని ఏడాది ఉంది. వెనక్కి తిప్పి ఆయన పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నాడో నాకు తెలిసినంత రాశాను. తొండం నాకు గుర్తున్నంతలో వేరే కాగితం మీద గీసి జతపెట్టాను. గీసింది నేనని దాని మీద కూడా రాశాను. రేపు ఎవరూ పొరబడకూడదు.

చదివేవాళ్ళకు ఒక్కటే మనవి. షోలాపూర్‌లో కానీ, భివండీలో కానీ, సూరత్‌లో కానీ, మీ ఇంటి అటక మీద, అరల కింద, పాత పెట్టెల్లో గళ్ళ కాగితాలు, అద్దకం చెక్కలు, కార్డు గొలుసులు ఉంటే అమ్మేముందు ఒకసారి తిప్పి చూడండి. గీసినవాళ్ళు బతికుంటే అడగండి, లేకపోతే తెలిసినవాళ్ళను అడిగి వెనకాల పేరు రాయండి. పెన్సిల్ చాలు. తర్వాత అమ్ముకున్నా, అరల కింద పరుచుకున్నా మీ ఇష్టం.